గుద్దు కాదు, పొగ

నేను ఒకే ఒక్క గుద్దుతో ఒక మనిషి గుండె ఆపేశానని ఫిలింనగర్‌లో చెప్పుకుంటారు. టీ కొట్ల దగ్గర, షూటింగ్ ఫ్లోర్ల బయట, క్యారవాన్ల నీడలో చెప్పుకుంటారు. కొత్తగా వచ్చిన ఫైటర్లు నన్ను చూడగానే లేచి నిలబడి, ముందు నా కుడిచేతి వైపు చూస్తారు. ఆ చూపు నాకు చాలాకాలం బాగుండేది. ఇప్పుడు బాగోలేదు. జరిగింది వేరు. అది మొదటినుంచీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నేనే రాయాలి.

నేను ఫైట్ మాస్టర్‌ని. హీరో ఎవరిని ఎక్కడ కొట్టాలో, దెబ్బ తిన్నవాడు ఎటు ఎగిరి ఎలా పడాలో చెప్పడం నా పని. నా ఫైట్లలో మోచేతులు వెనక్కి విరుగుతాయి. ఇనుప గొలుసు మెడకు చుట్టుకుంటుంది, చుట్టుకున్నవాడు లారీ వెనక ఈడ్చుకుపోతాడు. కొడవలి భుజంలో దిగి అక్కడే ఉండిపోతుంది. సెన్సారు వాళ్లు నా రీళ్లు చూసేటప్పుడు కాఫీలు వద్దంటారని ఒక నిర్మాత జోకు వేసేవాడు. నేనది పొగడ్తగానే తీసుకున్నాను.

ఇవన్నీ అందరూ చేసేవే. నాకు పేరు తెచ్చింది పొగ. నల్లటి పొగలోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి ఎవడిదో గొంతు పట్టుకుని లోపలికి లాక్కుపోతే, హాల్లో కుర్చీలు విరిగేవి. మిషన్‌తో వదిలే తెల్లపొగ పాటలకి, దేవుడి సీన్లకి సరిపోతుంది. నాకది పనికిరాదు. పాత టైర్లు ముక్కలుగా కోయించి, ఇనుప డ్రమ్ముల్లో వేయించి, డీజిల్ పోయించి కాల్పించేవాణ్ణి. పెద్ద ఫ్యాన్లు ఆ పొగను ఫ్లోరంతా తిప్పేవి.

ఒకసారి పొగ సర్దుకున్నాక నేను తలుపులు తెరవనిచ్చేవాణ్ణి కాదు. తెరిస్తే పొగ పలచబడుతుంది. ఒక షాట్‌లో చిక్కగా, మరుసటి షాట్‌లో పలచగా ఉంటే అతకదు. అందుకని హీరో క్యారవాన్‌కి వెళ్లి వచ్చినా, లైటింగ్ మార్చినా, ఫైటర్లు మాత్రం లోపలే ఉండేవాళ్లు. ముక్కుకి తడి రుమాలు కట్టుకుని, ఎవరి స్థానంలో వాళ్లు కూర్చునేవాళ్లు. నేను బయట టెంటులో మానిటర్ ముందు ఉండి, మైకులో కేకలు వేసేవాణ్ణి.

ప్యాకప్ చెప్పాక అందరికీ నా చేత్తో బెల్లం పెట్టేవాణ్ణి. అది మా దగ్గర ఆచారం. దుమ్ము ఫైటు అయినా పొగ ఫైటు అయినా, బెల్లం ముక్క తింటే లోపలికి పోయిందంతా కడుక్కుపోతుందని నాకు నా గురువు చెప్పాడు, ఆయనకు ఆయన గురువు చెప్పి ఉంటాడు. ఫైటర్లు వరుసగా వచ్చి చెయ్యి చాపేవాళ్లు. నల్లటి ముఖాలు, తెల్లటి పళ్లు. బెల్లం పెట్టాను కాబట్టి నా బాధ్యత తీరిపోయినట్టే అనుకునేవాణ్ణి.

ఆ వరుసలో మొదట నిలబడేవాడు నా సీనియర్ ఫైటరు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. మోతీనగర్ నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. నేను మాస్టర్‌ని కాకముందు నుంచీ తెలుసు. ఇద్దరం ఒకే మేడ మీంచి దూకాం, ఒకే అద్దంలోంచి బయటపడ్డాం. నేను జూబ్లీహిల్స్‌లో ఇల్లు తీసుకుని, డ్రైవర్‌ని పెట్టుకుని, అద్దాలు మూసిన కారులో తిరగడం మొదలుపెట్టాను. అతను చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర బస్సు వెనక బండి ఆపుకుని నిలబడుతూనే ఉన్నాడు. ఎప్పుడైనా నా కారు పక్కన ఆగితే అద్దం మీద వేలితో కొట్టేవాడు.

"మాస్టర్, జర అద్దం దించు. నీ ఏసీ గాలి నాక్కూడా తగలనియ్యి."

నోరు మంచిది కాదు, మనసు మంచిది. హీరో ఒక్క గుద్దుకి పదిమంది పడే షాట్ తీస్తుంటే గట్టిగా అనేవాడు, "గిదేం గొప్ప సార్. మా ఇంట్ల నా భార్య ఒక్క మాట అంటే చాలు, కొట్టకుండనే పడ్త." హీరో కూడా నవ్వేవాడు.

ఆ రోజు ఫ్యాక్టరీ సెట్. ఫ్లోరు నిండా చెక్కపెట్టెలు, గొలుసులు, ఇనుప మెట్లు. విలన్ మనుషులు హీరోని చుట్టుముట్టే ఫైటు. పొద్దున్నుంచీ టైర్లు కాలుతున్నాయి. అతని షాట్ కష్టమైనది. హీరో ఛాతీ మీద తంతే, నడుముకి కట్టిన తాడును వెనక నుంచి నలుగురు లాగితే, గాల్లో వెళ్లి పెట్టెల మీద పడాలి. రెండు టేకులు చేశాడు. రెండుసార్లూ బాగానే పడ్డాడు, నాకే నచ్చలేదు.

మూడో టేకుకి లైటింగ్ మారుస్తున్నప్పుడు మానిటర్‌లో చూశాను. పెట్టె మీద కూర్చుని దవడ కింద చేత్తో నొక్కుకుంటున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడమచేతిని విదిలిస్తున్నాడు. ఇవన్నీ నాకు కనిపించాయి. ఇది స్పష్టంగా చెప్పాలి. కనిపించలేదని నేను ఎక్కడైనా అని ఉంటే అది అబద్ధం.

అతను కెమెరా వైపు చూసి గట్టిగా అన్నాడు, "మాస్టర్, జర తలుపు తియ్యమను. గాలి ఆడ్తలేదు. గుండెల మీద బండ పెట్టినట్టుంది."

"ముసలాడివైపోయావురా. ఇంటికెళ్లి మనవళ్లని ఆడించుకో."

ఫ్లోరంతా నవ్వింది. అతను నవ్వలేదు. లేచి తలుపు వైపు నడిచాడు. నేను టెంటులోంచి పరిగెత్తి పక్క తలుపులోంచి లోపలికి దూరాను. కళ్లు మండాయి. అతను గొళ్లెం మీద చెయ్యి వేసేసరికి కాలరు పట్టుకుని వెనక్కి లాగాను.

"పొగ పోతుంది. పొద్దున్నుంచీ తీసిందంతా పోతుంది. నీ అయ్య ఇస్తాడా?"

"నా అయ్య పేరు తియ్యకు మాస్టర్."

"తీస్తే ఏం చేస్తావ్?"

నన్ను తోశాడు. నేను చెంప మీద కొట్టాను. అంతమంది ఫైటర్ల ముందు, అతని దగ్గర పని నేర్చుకున్న పిల్లల ముందు కొట్టాను. మరుక్షణం అతని పిడికిలి నా మూతి మీద పడింది. పెదవి చీలి నోరంతా ఉప్పగా అయింది. తల ఇనుప మెట్లకు కొట్టుకుంది. నేను లేచి కడుపులో తన్నాను. అతను వంగి నా నడుము పట్టుకుని పెట్టెల మీదికి విసిరాడు. నిజం పెట్టెలు, షాట్ కోసం కోసి పెట్టినవి కాదు. మేకు ఒకటి నా వీపులో దిగింది. చుట్టూ ఎవరూ కదల్లేదు. అందరూ రిహార్సల్ అనుకున్నారు. కెమెరామన్ అయితే "సూపర్ మాస్టర్, ఇదే టైమింగ్ పెట్టండి" అని అరిచాడు కూడా.

అప్పుడు నేను కొట్టాను. జనం చెప్పుకునే గుద్దు అదే. దాని గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే గుద్దుల గురించి నాకు తెలుసు. నా కాలి కింద పెట్టె చెక్క జారింది. పిడికిలి ఛాతీ మీద సరిగ్గా పడలేదు, కాలరు ఎముకకి రాసుకుని భుజం మీదికి పోయింది. అలాంటి దెబ్బ కొత్త ఫైటరు కొడితే నేను తిడతాను. అతను కనీసం వెనక్కి అడుగు కూడా వెయ్యలేదు. నన్ను చూసి నవ్వాడు.

"గంతేనా మాస్టర్? జూబ్లీహిల్స్‌ల కారం తింటలేవా?"

అని, పెట్టె మీద కూర్చున్నాడు. రుమాలు విప్పాడు. రుమాలు మీద ముక్కు ఉన్నచోట నల్లటి మచ్చ. దాన్ని చూసి ఏదో అనబోయాడు. పక్కకి ఒరిగి నేల మీద పడ్డాడు. ఎంత సహజంగా పడ్డాడంటే ఫ్లోరంతా చప్పట్లు కొట్టింది.

"లే" అన్నాను. "చాల్లే, లే."

తలుపులు అప్పుడు తెరిచాం.

బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి నా కారులోనే తీసుకెళ్లాం. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి మూసుకుపోయిందని, తొడ దగ్గర్నుంచి తీగ పంపి, తెరిచి, స్టెంట్ వేశారు. బతికాడు. డాక్టరు నన్ను తన గదిలోకి పిలిచాడు. నా చీలిన పెదవి, నా చొక్కా మీద మసి, రెండూ చూశాడు.

"మీరూ అక్కడే ఉన్నారా? ఏం కాల్చారు?"

చెప్పాను. కొట్టిన సంగతి కూడా చెప్పాను. నా గుద్దు వల్లేనా అని అడిగాను.

"భుజం మీద కమిలింది. దానికి గుండెపోటు రాదండీ. ఈయన నాళాలు చాలాకాలంగా పాడవుతున్నాయి. సిగరెట్టా?"

"మానేసి చాలా ఏళ్లయింది."

"మంచిదే. కానీ మీరు పొగ పట్టిస్తున్నారుగా."

కోపంగా అనలేదు. కాగితం మీద ఒక గొట్టం గీసి చూపించాడు. పొగలో మన కంటికి కనిపించేది, గొంతులో గరగరలాడేది, రుమాలుకి అంటేది పెద్ద నలుసులు. కనిపించనంత సన్ననివి రుమాలు దారాల మధ్యనుంచి పోతాయి. ఊపిరితిత్తుల చివరిదాకా వెళ్తాయి, వాటిలో కొన్ని రక్తంలోకీ దిగుతాయి. రక్తనాళం లోపల పల్చటి పొర ఉంటుంది. నాళం సాగాలన్నా ముడుచుకోవాలన్నా, రక్తం గడ్డకట్టకుండా జారిపోవాలన్నా ఆ పొర బాగుండాలి. ఈ నలుసుల వల్ల ఒంట్లో వాపు లేచి ఆ పొర దెబ్బతింటుంది. నాళం బిరుసెక్కుతుంది. గోడలో కొవ్వు పేరుకుంటుంది. ఏదో ఒక రోజు ఆ పేరుకున్నది పగులుతుంది, పగిలినచోట రక్తం గడ్డకడుతుంది. ఇదంతా ఏళ్ల తరబడి జరుగుతుంది. దానికి తోడు చిక్కటి పొగలో కొన్ని గంటలున్నా చాలు, ఆ పగిలే రోజు ముందే రావచ్చు.

"పొగ ఒక్కటే కారణమని నేను రాసివ్వలేను. బీపీ ఉంది, షుగర్ అంచు మీద ఉంది, రోజూ ట్రాఫిక్‌లో తిరుగుతాడు. కానీ ఇకనుంచి ఈయన పొగకి దూరంగా ఉండాలి. అన్నిటికంటే ముందు అది."

"మేం బెల్లం పెడతామండీ" అన్నాను.

ఆయన గీసిన గొట్టం మీదే వేలు పెట్టాడు. "బెల్లం కడుపులోకి పోతుంది. పొగ పోయేది రక్తంలోకి."

నేను ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నా కథ ఫిలింనగర్‌లో తయారైపోయింది. మాస్టర్ ఒక్కటి ఇచ్చాడు, గుండె ఆగింది. మర్నాడు హీరో క్యారవాన్‌లోంచి దిగి చేతులు జోడించాడు, "మీతో జాగ్రత్తగా ఉండాలి మాస్టర్." ఇద్దరు నిర్మాతలు ఆ వారమే ఫోన్ చేశారు. టీవీ వాళ్లు నవ్వుతూ అడిగారు, నిజమేనా అని. నేను కాదనలేదు. పిడికిలి చూసుకుని నవ్వాను. పొగవల్ల అని చెప్తే నా పొగ పోతుంది. గుద్దువల్ల అంటే నా పేరు పెరుగుతుంది. అంత సులువుగా జరిగిపోయింది.

విచిత్రం ఏమిటంటే అతనికి కూడా ఆ కథే నచ్చింది. పరామర్శకి ఇంటికి వెళ్తే మంచం మీద కూర్చుని వచ్చినవాళ్లకి చొక్కా విప్పి భుజం మీద కమిలిన మచ్చ చూపిస్తున్నాడు.

"పొగకు పడ్డ అంటే ఎవడు పనికి పిలుస్తడు మాస్టర్? నీ గుద్దుకు పడ్డ అంటే ఇజ్జత్ ఉంటది." అని, గొంతు తగ్గించి, "డాక్టర్ నీకేమన్న చెప్పిండా?"

అతని భార్య మాకు టీ తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"దెబ్బలు వద్దన్నాడు. ఎగరడాలు, దూకడాలు వద్దన్నాడు. తేలికపని చేసుకోవచ్చన్నాడు."

డాక్టరు చెప్పినదాంట్లో చివరి మాటలు అవి. మొదటి మాట, పొగకి దూరంగా ఉండాలన్నది, నేను మింగేశాను.

మూడు నాలుగు నెలలకి పని అడిగాడు. ఇంట్లో కూర్చోలేకపోతున్నానన్నాడు. తేలికపని ఏమిటా అని ఆలోచించాను. మా దగ్గర తేలికపని అంటే దెబ్బ తగలనిది. అరవై కిలోల మనిషిని తాడుతో లాగడం బరువు పని, మేడ మీంచి దూకడం బరువు పని. స్టూలు వేసుకుని కూర్చుని, ఇనుప కడ్డీతో టైరు ముక్కలు కదిపే పని అందరికంటే తేలిక. అతన్ని డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టాను.

ఇది చదివేవాళ్లు నన్ను రాక్షసుడు అనుకోవచ్చు. ఆ రోజు యూనిట్‌లో ఒక్కరికి కూడా అది తప్పుగా తోచలేదు. "మాస్టర్ పాత మనిషిని చూసుకుంటున్నాడు" అన్నారు. అతను కూడా నాకు దండం పెట్టాడు. వాళ్లెవరికీ తెలియదు. నాకు తెలుసు. తెలిసీ, మనసులో ఒక మూల డాక్టర్లు ఎక్కువ చెప్తారులే అనుకున్నాను. ఫైటర్ గుండె దెబ్బకి పోతుంది గానీ గాలికి పోతుందా అనుకున్నాను.

డ్రమ్ము దగ్గర రాజులా కూర్చునేవాడు. కొత్త ఫైటర్లని ఏడిపించేవాడు. "అరే, గట్ల పడితే నీ మామ కూడ పిల్లనియ్యడు. కొంచెం కష్టపడి సావు!" ప్యాకప్ అయ్యాక బెల్లం వరుసలో మళ్లీ మొదటివాడిగా నిలబడేవాడు. డాక్టరు మాట తెలిసిన ఆ చేత్తోనే పెట్టేవాణ్ణి.

చలికాలం వచ్చింది. ఫిలింనగర్ వెనక బండల మీద ఊచకోత ఫైటు తీస్తున్నాం. ఇరవై మంది, కత్తులు, గొడ్డళ్లు. ఎర్రరంగు బకెట్లలో కలిపి ఉంది. చెయ్యి తెగిపడే షాట్, పీక తెగే షాట్. పొద్దున చలికి పొగ పైకి లేవలేదు. బండల మధ్య గుంటలో నీళ్లు నిలిచినట్టు నిలిచింది. కెమెరాకి ఎంత బాగుందో చెప్పలేను. నేను మైకు పట్టుకుని ఊగిపోతున్నాను. నరకండి, ఇంకా గట్టిగా, వాడి మెడ మీద, వెనక్కి పడు, నెత్తురు ఏదీ, నెత్తురు పొయ్యండి.

మధ్యలో పొగ తగ్గింది. డ్రమ్ము వైపు చూశాను. అతను బండకి చేరగిలి కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకి వాలింది. కడ్డీ కింద పడి ఉంది.

"ఒరేయ్! పొద్దున్నే నిద్రా? తిన్నది అరగలేదా? లేచి పొగ పెంచు!"

మైకులో, ఇరవై మంది కత్తులవాళ్లు వింటుండగా, నవ్వుతుండగా. నేను అతనితో అన్న చివరి మాట అది. "పొగ పెంచు."

దగ్గరికి వెళ్లి పట్టుకుంటే ఈసారి అతని చేతులు చల్లబడిపోయి ఉన్నాయి. ఎవరో పరిగెత్తి ఛాతీ నొక్కారు. వాళ్ల ఒళ్లంతా ఎర్రరంగు. అతని తెల్లచొక్కా మీద అంతా ఆ రంగే అంటుకుంది. ఆసుపత్రిలో నర్సులు కత్తిపోట్లనుకుని చొక్కా చింపి గాయాల కోసం వెతికారు. ఒక్క గాయం కూడా లేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక, వాళ్లింట్లో ప్రార్థన పెట్టిన రోజు వెళ్లాను. పాస్టరు గారు వెళ్లిపోయారు. ఫైటర్లు కొందరు వరండాలో కూర్చుని, ఆప్యాయంగానే, ఆ పాత గుద్దు గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ దెబ్బకే లోపల పగిలిందని, ఇన్ని రోజులు లాక్కొచ్చాడని. అతని భార్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అన్నా, గాల్లనేది నిజమేనా? నువ్వు కొట్టిన దెబ్బకేనా?"

ఔనంటే సరిపోయేది. నన్ను అసహ్యించుకునేది, కానీ ఒక మగాడు ఇంకో మగాణ్ణి కొట్టాడని అసహ్యించుకునేది. దానితో నేను బతికేయగలిగేవాణ్ణి. ఎందుకో నోరు రాలేదు. కాదన్నాను. డాక్టరు గీసిన గొట్టం గురించి చెప్పాను. నలుసుల గురించి చెప్పాను.

"గిదంత డాక్టర్ నీకెప్పుడు చెప్పిండు?"

"మొదటిసారే."

"గా రోజు నేను టీ తెస్తే, గీడ్నే కూసోని తేలికపని అన్నవు."

"అన్నాను."

"తెలిసే కూసోపెట్టినవా పొగల?"

ఔనన్నాను. ఆమె రెండు పిడికిళ్లతో నా ఛాతీ మీద గుద్దింది. మళ్లీ గుద్దింది. నేను గోడకి కొట్టుకున్నాను, గూట్లోంచి గిన్నెలు పడ్డాయి. ముఖం మీద, మెడ మీద, దొరికినచోటల్లా కొట్టింది. దెబ్బకి ఎలా ఒదగాలో, ఏ ఊపులో వెనక్కి పోతే నొప్పి తెలియదో జీవితమంతా పదిమందికి నేర్పినవాణ్ణి. ఒక్కటీ గుర్తు రాలేదు. వరండాలో వాళ్లు పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకున్నారు.

"ఇడువుండ్రి నన్ను! ఏయ్, నాకు చెప్పినది గీళ్లకు చెప్పు. చెప్పు!"

అక్కడే, నేలమీద గిన్నెల మధ్య నిలబడి చెప్పాను. దెబ్బ జారిందన్నాను. నవ్వాడన్నాను. తలుపు తీయమని అడిగితే తీయలేదన్నాను. డాక్టరు పొగ వద్దంటే పొగ దగ్గరే కూర్చోబెట్టానన్నాను. మీ అందరి ఒంట్లోనూ ఆ పొగ ఉంది, వెళ్లి పరీక్ష చేయించుకోండి అన్నాను.

అతని దగ్గర పని నేర్చుకున్న ఫైటరు ఒకడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధల ఉన్నరు మాస్టర్. అక్క ముంగట తప్పించుకోనీకి పొగ మీదికి తోస్తున్నరు గని, మీ గుద్దు సంగతి మాకు తెల్వదా?"

మిగతావాళ్లు ఔనౌనన్నారు. ఆమె వాళ్లను కూడా నన్ను చూసినట్టే చూసింది.

ఆ మర్నాడు ఫ్లోరులో డ్రమ్ములు తీసేయించాను. తెల్లపొగ మిషన్ తెప్పించాను, తలుపులు తెరిపించాను. దర్శకుడు మానిటర్ చూసి ఇది మీ ఫైటులా లేదన్నాడు. కాదనలేదు. రెండు రోజులకి ఆ సినిమా ఇంకో మాస్టర్‌కి వెళ్లింది. ఆ కొత్త మాస్టర్ టైర్లు తెప్పించాడని విన్నాను. నా ఫైటర్లే అక్కడ చేస్తున్నారు.

ఒక సాయంత్రం అక్కడికి వెళ్లాను, వాళ్లతో మళ్లీ చెప్దామని. ప్యాకప్ అయింది. తలుపులు తెరుచుకుని నల్లటి ముఖాలతో బయటికి వచ్చారు. నన్ను చూడగానే ఎప్పటి అలవాటో, వరుస కట్టారు. మొదటి స్థానం ఖాళీగా వదిలేసి, దాని వెనక నుంచి నిలబడ్డారు. ఒకడు దగ్గుతూ చెయ్యి చాపాడు.

"బెల్లం లేదురా" అన్నాను. "దానివల్ల ఏం కాదు."

చాపిన చెయ్యి వెంటనే తీయలేదు. నేను తమాషా చేస్తున్నాననుకుని, కాసేపు అలాగే ఉంచాడు.